వాలు లెక్క తెలిసిన మనిషి

ప్రతి ఏడాదీ సెప్టెంబర్ 15 వస్తే మన క్యాంపస్‌లో ఒకటే సీన్. సెమినార్ హాల్లో కుర్చీ మీద ఒక ఫోటో, దానికి బంతిపూల దండ, ఫోటోలో జరీ తలపాగా పెట్టుకున్న పెద్దాయన. రెండు స్పీచులు, ఒక క్విజ్, సమోసా, టీ. సాయంత్రానికి అందరి స్టేటస్‌లోనూ ఆయనే. మర్నాడు మళ్ళీ ఇంటర్నల్స్ గొడవ. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గురించి మనలో చాలామందికి తెలిసింది అంతే. కొంచెం ఎక్కువ తెలిసినవాళ్ళు రైలు పట్టా కథో, రెండు కొవ్వొత్తుల కథో చెబుతారు. అవి మీరంతా విన్నవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

నాకు ఆయన మీద ఆసక్తి పుట్టింది మెట్రో వల్ల. ఇంటర్న్‌షిప్‌కని హైదరాబాద్ పోయినప్పుడు రోజూ ఎంజీబీఎస్ స్టేషన్‌లో రైలు మారాల్సి వచ్చేది. పక్కనే మూసీ. ముక్కు మూసుకోవాల్సిందే. అవతల పాతబస్తీ. మెట్రో 2017లో మొదలైనా పాతబస్తీ లోపలికి పోయే ముక్క మాత్రం ఏళ్ళ తరబడి ఆగిపోయింది. 2024 మార్చిలో గానీ ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన జరగలేదు. దారి పొడవునా మసీదులు, గుళ్ళు, అషూర్‌ఖానాలు, పాత ఇళ్ళు. దేన్ని ముట్టుకున్నా గొడవే. మరి కింద నుంచి తవ్వేస్తే పోలా అని సివిల్ చదివే ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. వెతుకుతూ పోతే తెలిసిందేమంటే, ఆ పాత ఊరి కింద తవ్వే ప్లాను ఒకాయన వందేళ్ళకు ముందే వేసి పెట్టాడు. రైలు కోసం కాదు, మురుగు కోసం. ఆయనే మన ఫోటోలోని పెద్దాయన.

ఇంకో సంగతి కూడా. తిరుమల నుంచి దిగేటప్పుడు మన బస్సు మలుపులు తిరుగుతూ వస్తుంది కదా, ఆ మొదటి ఘాట్ రోడ్డు వెనక ఉన్నదీ ఆయన సలహానే.

మన పక్క ఊరాయనే

ముద్దెనహళ్ళి మనకేం దూరం కాదు. మదనపల్లె నుంచి చింతామణి మీదుగా చిక్కబళ్ళాపురం పోతే రెండు గంటలకు కాస్త అటూ ఇటూ. నందికొండల పక్కన ఉండే ఆ ఊళ్ళో 1861 సెప్టెంబర్ 15న విశ్వేశ్వరయ్య పుట్టారు. అప్పుడది మైసూరు సంస్థానం. ఇంటి పేరు మాత్రం మనదే. గిద్దలూరు వైపు ఉండే మోక్షగుండం నుంచి ఆయన పూర్వీకులు అటు వెళ్ళి స్థిరపడ్డారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. పండితుల ఇల్లంటే ఊళ్ళో గౌరవం ఎక్కువ, ఇంట్లో డబ్బు తక్కువ.

చదువు పూర్తికాక ముందే తండ్రి పోయారు. బెంగళూరులో మేనమామ రామయ్య అండ దొరికింది. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బీఏ పాసయ్యారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పూనా సైన్స్ కాలేజీలో ఇంజినీరింగ్ చేరారు. 1883లో ఫస్ట్ ర్యాంక్. ఆ మరుసటేడే బొంబాయి ప్రెసిడెన్సీ పీడబ్ల్యూడీలో అసిస్టెంట్ ఇంజినీరు ఉద్యోగం. మన భాషలో చెప్పాలంటే ఆయనది క్యాంపస్ ప్లేస్‌మెంటే. స్కాలర్‌షిప్ లేకపోతే ఆ కథ అక్కడితో ఆగేది.

బొంబాయిలో నేర్చుకున్నది

ఆ ఉద్యోగంలో 24 ఏళ్ళు ఉన్నారు. మూడు పనులు చెబితే ఆయన బుర్ర ఎలా పనిచేసేదో అర్థమవుతుంది.

మొదటిది సింధులోని సుక్కూరు. పక్కనే సింధు నది, కానీ నీళ్ళన్నీ బురద. ఫిల్టర్ బెడ్లు కట్టుకునే స్తోమత ఆ మునిసిపాలిటీకి లేదు. విశ్వేశ్వరయ్య నది గర్భంలోనే బావి తవ్వించారు. ఇసుకలోంచి ఊరి వచ్చే నీరు తనంతట తానే వడకట్టుకుని వస్తుంది. మన స్వర్ణముఖి ఇసుకలో చెలమ తీసి నీళ్ళు పట్టుకున్న ముసలివాళ్ళకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు.

రెండోది పూనా దగ్గర ఖడక్‌వాస్లా. ఆనకట్ట ఎత్తు పెంచకుండా ఎక్కువ నీళ్ళు నిలపాలి, వరద వస్తే ఆనకట్టకు ముప్పు రాకూడదు. నీటి మట్టం ఒక హద్దు దాటగానే వాటంతట అవే తెరుచుకునే గేట్లు తయారుచేసి 1903లో అక్కడ పెట్టించారు.

మూడోది ఏడెన్. 1906లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడి నీళ్ళ సరఫరా, మురుగు సంగతి చూడమని పంపింది. ఎండిపోయిన రేవు పట్టణం. మంచి నీళ్ళు ఎక్కడినుంచి తేవాలి, వాడిన నీళ్ళు ఎటు పంపాలి అనే రెండు ప్రశ్నలూ ఒకటేనని ఆ పని చేసినవాళ్ళకు తెలియకుండా పోదు.

మూడింట్లోనూ కనిపించేది ఒకటే. నీటితో కొట్లాడకుండా, దాని బరువు, దాని వాలు, దాని దారి వాడుకోవడం. 1908లో ఆయన తనంతట తానే ఉద్యోగం వదిలేశారు. ఎంత పని చేసినా భారతీయుడికి చీఫ్ ఇంజినీరు కుర్చీ దక్కని రోజులవి. యూరప్ చూడటానికి ఓడ ఎక్కారు. ఆయన అక్కడ ఉండగానే మూసీ పొంగింది.

1908 సెప్టెంబర్ 28

హైదరాబాద్ మూసీకి రెండు వైపులా పెరిగిన ఊరు. చార్మినార్ 1591 నాటిది, పురానాపూల్ 1578 నాటిది. ఆ సెప్టెంబర్‌లో ఎగువన కుంభవృష్టి. శంషాబాద్‌లో ఒక్క రోజులో 12 అంగుళాల పైన వాన పడింది. 28వ తేదీ పొద్దున నది ఊళ్ళోకి వచ్చేసింది. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతిని కొట్టుకుపోయాయి. అన్నిటికంటే పాతదైన పురానాపూల్ నిలబడింది. వేలాదిమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ఇప్పటికీ ఉంది.

అప్పటి నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం విశ్వేశ్వరయ్యకు కబురు పెట్టింది. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాద్ వచ్చి చేరారు. అప్పగించిన పని రెండు రకాలు. మళ్ళీ ఇలాంటి వరద రాకుండా చూడటం ఒకటి. ఊరిని తిరిగి కట్టేటప్పుడు మురుగు పారుదలతో సహా ఒక పద్ధతిలో కట్టడం ఇంకోటి.

వరద తర్వాత అందరూ చూసేది ఊళ్ళోనే. కూలిన గోడలు, విరిగిన వంతెనలు. ఎవరిని అడిగినా నది ఒడ్డున పెద్ద గోడ కట్టమనే చెబుతారు. విశ్వేశ్వరయ్య మాత్రం ఊరు వదిలి ఎగువకు వెళ్ళారు. మూసీ, ఈసీ పరీవాహకంలో ఎన్ని చెరువులున్నాయో లెక్క తీయించారు. 788 తేలాయి. అంటే దాదాపు చదరపు మైలుకు ఒకటి. వాటిలో 221 తెగిపోయాయి. ఊరిని ముంచింది వాన ఒక్కటే కాదన్నమాట. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడితే అది తెగుతుంది, రెండూ కలిసి మూడోదాని మీద పడతాయి. గొలుసు చెరువులు చూసిన రాయలసీమ వాళ్ళకు ఈ భయం కొత్త కాదు. తర్వాత చుట్టుపక్కల ప్రాంతాల పాత వాన రికార్డులు తెప్పించి, ఇలాంటి వరద మళ్ళీ వస్తే ఎంత నీరు వస్తుందో అంచనా కట్టారు.

1909 అక్టోబర్‌కి రిపోర్టు ఇచ్చేశారు. ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపి, నది భరించగలిగినంత మాత్రమే కిందికి వదలాలి. ఊళ్ళో ఒడ్డులు సరిచేసి, వాటి మీద తోటలు వేయాలి. మూసీ మీది ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీది హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. రెండిటికీ కలిపి దాదాపు 7 టీఎంసీలు పడతాయి. వరద ఆపడానికి కట్టినవే ఊరికి తాగునీళ్ళు కూడా ఇచ్చాయి.

ఊరి కింద

ఇప్పుడు అసలు విషయం. ఆనకట్ట కనబడుతుంది, దాని మీద నిలబడి ఫోటో దిగొచ్చు. భూమి కింద మురుగు లైను ఎవరికీ కనబడదు. కానీ ఆ రెంటిలో కష్టమైనది రెండోదేనని నా ఉద్దేశం.

అప్పటిదాకా ఇళ్ళ మురుగు వీధి కాలువల్లో పారి, తిన్నగా మూసీలో కలిసేది. విశ్వేశ్వరయ్య చెప్పిన దారి: మురుగు నదిలో పడకముందే ఒడ్డు వెంబడి లైన్లలో పట్టుకుని, భూమి కిందనుంచే దిగువకు, ఊరి బయటికి తీసుకుపోవడం. మూసీ పడమర నుంచి తూర్పుకు పారుతుంది కాబట్టి తూర్పున అంబర్‌పేట వైపు వాలు ఉంది. ఈరోజు నగరంలోని పెద్ద మురుగు శుద్ధి కేంద్రాల్లో ఒకటి ఉన్నదీ అక్కడే.

పేపర్ మీద ఇది ఒక గీత. నేల మీద ఏమవుతుందో చూడండి. మురుగు లైనుకు పంపు ఉండదు, నేల వాలే దాని పంపు. వాలు తక్కువైతే మడ్డి పేరుకుని పూడిపోతుంది. ఎక్కువైతే వేగానికి పైపే అరిగిపోతుంది. నీరు సెకనుకు సుమారు 0.6 మీటర్లకు తగ్గకుండా పారాలని మన ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ సబ్జెక్టులో చదువుకున్నాం. ఆ లెక్క తప్పకుండా, మూడు వందల ఏళ్ళుగా ప్లాను లేకుండా అల్లుకున్న గల్లీల్లో, కింద గట్టి రాయి ఉన్న నేలలో లైను పోవాలి. రాయిని పేలిస్తే పైన పాత గోడలు చీలతాయి. పేల్చకుండా కొడితే పని సాగదు.

మెట్రో సొరంగానికి ఒక వెసులుబాటు ఉంది. పునాదులకు బాగా లోతున పోయి స్టేషన్ల దగ్గర మాత్రం పైకి వస్తే చాలు. అంత లోతున పోయినా ప్రమాదం తప్పదు. 2019 ఆగస్టు 31న కోల్‌కతా బౌబజార్‌లో సొరంగం తవ్వే మెషిన్ నీటి పొరకు తగిలి, నేల కుంగి, పైన పాత ఇళ్ళు కూలాయి. మురుగు లైనుకు ఆ వెసులుబాటు కూడా లేదు. అది ప్రతి ఇంటి గడప దగ్గరికీ రావాలి. అంటే పాత ఊరిని తప్పించుకుని పోవడం కుదరదు. ప్రతి గల్లీని, ప్రతి గోడని ఎదుర్కోవాల్సిందే.

అందుకే ఆ పని ఒక్క మనిషితో, ఒక్క రిపోర్టుతో అయిపోలేదు. 1909 నవంబర్‌లోనే ఆయన మైసూరు చీఫ్ ఇంజినీరుగా వెళ్ళిపోయారు. హైదరాబాద్‌లో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలు తీసేయడం, రోడ్లు వెడల్పు చేయడం మొదలుపెట్టింది. ఈరోజు మనం చూసే పత్తర్‌గట్టీ వరస కమానులు ఆ బోర్డు కట్టించినవే. ఆ అందానికి ఎన్నో కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చేసి కదలాల్సి వచ్చింది. పాత ఊరిని బాగుచేసే ఏ ప్లానులోనైనా ఈ లెక్క ఉంటుంది, రిపోర్టుల్లో మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది. 1922లో విశ్వేశ్వరయ్యను మళ్ళీ పిలిచి డ్రైనేజీ పని సంగతి చూడమన్నారు. చివరికి 1931 నాటికి హైదరాబాద్‌కు భూగర్భ మురుగు వ్యవస్థ వచ్చింది. దాన్ని 54 చదరపు కిలోమీటర్లకు, 4 లక్షల 68 వేల మందికి సరిపడేలా డిజైన్ చేశారు. మొదటి రిపోర్టు నుంచి లెక్కపెడితే 22 ఏళ్ళు.

ఈ 22 ఏళ్ళలో పని చేసింది ఆయనొక్కరే కాదు. హైదరాబాద్ రాజ్యపు చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ లాంటివాళ్ళు ఇక్కడే ఉండి పనులు నడిపించారు. అందుకే తెలంగాణ ఆయన పుట్టినరోజు జులై 11ని తన ఇంజినీర్స్ డేగా చేసుకుంటుంది. ఎవరిది గొప్ప అని కొట్లాడటం కంటే, ఇంత పెద్ద పనికి ఇద్దరూ కావాల్సి వచ్చిందని ఒప్పుకోవడం మేలు. ఇక గుంతలు తవ్విన కూలీల సంగతంటారా, వాళ్ళకు ఏ తేదీ లేదు.

మైసూరు, ఒక విభేదం

మైసూరు రోజులు అందరికీ తెలిసినవే, తొందరగా చెబుతాను. 1911లో కృష్ణరాజసాగర్ పని మొదలైంది. 1912 నుంచి 1918 దాకా ఆయన దివాన్. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరులో ఇంజినీరింగ్ కాలేజీ. మధ్యలో 1915లో సర్ బిరుదు.

ఒక విషయం మాత్రం దాచకూడదు. వెనుకబడిన కులాలకు ప్రభుత్వ ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలన్న ఒత్తిడి మైసూరులో బలపడి, మహారాజు 1918లో మిల్లర్ కమిటీని వేశారు. విశ్వేశ్వరయ్యకు అది నచ్చలేదు. ప్రతిభ ఒక్కటే కొలత కావాలన్నది ఆయన పట్టు. ఆ విభేదంతోనే దివాన్‌గిరీ వదిలేశారు. నేల ఏ చోట ఎంత ఎత్తులో ఉందో కొలవకుండా గీత గీయని మనిషి, సమాజంలో అందరూ ఒకే ఎత్తు మీద నిలబడి లేరన్న సంగతికి ఆ కొలత ఎందుకు వాడలేదో అని నాకు అనిపిస్తుంది. ఆయనకే ఒక స్కాలర్‌షిప్ దారి చూపించింది కదా. గౌరవించడమంటే ఇలాంటి ప్రశ్నలు అడగకుండా ఉండటం కాదు.

మన కొండకు రోడ్డు

ఇక మన ఊరికొద్దాం. 1940ల దాకా తిరుమల పోవాలంటే నడకే. అలిపిరి నుంచి దాదాపు 3,550 మెట్లు. నడవలేనివాళ్ళు డోలీ ఎక్కేవాళ్ళు, వాళ్ళ బరువు ఇంకొకరి భుజం మీద పడేది. కొండకు రోడ్డు వేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు విశ్వేశ్వరయ్య సలహా తీసుకున్నారు. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్ళు దాటాయి. ఆ ప్లాను మీద వేసిన రోడ్డును 1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రారంభించారు.

ఈ లెక్క మనమే వేసి చూసుకోవచ్చు. తిరుమల సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు, తిరుపతి సుమారు 160 మీటర్లు. రోడ్డు పొడవు 19 కిలోమీటర్ల దాకా ఉంది. అంటే సగటున 27 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి. ఎద్దుల బండీ, పాత బస్సూ ఎక్కగలిగే వాలు అది. తిన్నగా ఎక్కలేని కొండను మలుపులతో పొడుగు చేసి ఎక్కడం. హైదరాబాద్ కింద మురుగు దిగడానికి వేసిన లెక్కా, ఇక్కడ భక్తులు ఎక్కడానికి వేసిన లెక్కా ఒకటే: వాలు.

ఆ రోడ్డు కోసం కొండను కోసినచోట ఇంకో వింత బయటపడి ఉంది. కింద పాత గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు పొరలు, రెంటికీ మధ్య కోట్ల ఏళ్ళ ఖాళీ. దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. 1974లో ఎక్కడానికి రెండో ఘాట్ రోడ్డు వచ్చాక మొదటిది దిగే దారి అయింది. ఈసారి దిగేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి రాళ్ళ వైపు చూడండి.

ఇప్పుడు మన వంతు

1955లో విశ్వేశ్వరయ్యకు భారతరత్న ఇచ్చారు. 1962 ఏప్రిల్ 14న బెంగళూరులో కన్నుమూశారు. సమాధి పుట్టిన ఊళ్ళోనే, ముద్దెనహళ్ళిలో ఉంది.

4 లక్షల 68 వేల మందికని మొదలైన మురుగు వ్యవస్థ ఉన్న ఊరు ఇప్పుడు కోటి దాటింది. మూసీ వాసన అందుకే. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల దాకా పెద్ద కట్టడాలు వద్దని 1996లో జీవో 111 తెస్తే, దాన్ని ఎత్తేయాలా వద్దా అని ఏళ్ళ తరబడి వాదన. ఇప్పుడు పాతబస్తీ గుండా మెట్రో స్తంభాలు వేయబోతున్నారు. ఆ స్తంభాల గుంతల్లో ఏ పాత లైను తగులుతుందో చూసుకోవాల్సింది మనలాంటి సివిల్ వాళ్ళే.

మనం హైదరాబాద్‌ని చూసి జాలిపడే స్థితిలో కూడా లేం. 2021 నవంబర్ గుర్తుందా? కపిలతీర్థం ఉరికిన తీరు, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోవడం, లక్ష్మీపురం సర్కిల్ దగ్గర మోకాళ్ళ పైన నీళ్ళు. రాయలచెరువు కట్టకు గండి పడేలా ఉందని ఊళ్ళు ఖాళీ చేయించారు. నాకైతే ఆ 221 చెరువుల లెక్క చదివినప్పుడు ముందు రాయలచెరువే గుర్తొచ్చింది. శేషాచలం వాన ఎటు దిగుతుంది, దారిలో ఏ చెరువులు ఉండేవి, వాటిలో ఎన్ని ఇప్పుడు ప్లాట్లు అయ్యాయి, గోవిందరాజస్వామి గుడి చుట్టూ పాత వీధుల కింద ఏ కాలువ ఎటు పోతుంది? ఈ ప్రశ్నలు విశ్వేశ్వరయ్య అయితే మొదటి వారంలోనే అడిగేవారు.

మన సర్వే ల్యాబ్‌లో డంపీ లెవెల్ ఉంది, స్టాఫ్ ఉంది. సెమిస్టర్‌కు ఒకసారి గ్రౌండ్‌లో నాలుగు రీడింగులు తీసి రికార్డు రాసి పెట్టేస్తాం. వచ్చే సెప్టెంబర్ 15కి ఫోటోకి దండ ఎలాగూ వేస్తారు. మనం ఒక పది మందిమి ఆ లెవెల్ తీసుకుని లక్ష్మీపురం నుంచి నీళ్ళు ఎటు పోవాలో, ఎక్కడ ఆగుతున్నాయో కొలిచి వద్దాం. రీడింగులు వచ్చే సంచికలో వేద్దాం. వస్తామనేవాళ్ళు క్లబ్ గ్రూపులో పేరు పెట్టండి.